గ్రహానికి ఇన్‌చార్జి పరమేశన్న

"నూతన గ్రహాన్ని సాధించుకున్న మెదక్ పట్టణ ప్రజలకు హార్దిక శుభాకాంక్షలు" అంటూ పొద్దున్నే చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. అందులో గ్రహం నిమ్మకాయంత, పరమేశన్న గుమ్మడికాయంత. ఆరో వార్డు టికెట్ కోసం ఏళ్ల తరబడి కంటి మీద కునుకు లేకుండా తిరిగిన నాయకుడికి ఆ మాత్రం సైజు న్యాయమే.

శాస్త్రవేత్తలు కొత్త గ్రహాన్ని కనిపెట్టారని పేపర్లో వచ్చింది. మెదక్ జానపద గాయని స్నేహలత అభిమానులకు వాట్సాప్ గ్రూపులో మంచి కాలక్షేపం దొరికింది. అక్క గొంతెత్తితే అంత దూరం వినబడిందని ఒకరు, అక్కడ అక్క ప్రోగ్రాంకు తూప్రాన్ నుంచి షేర్ ఆటోలు పెట్టారని ఇంకొకరు రాశారు. గ్రూపు నడిపే శశిధర్ అయితే గ్రహానికి స్నేహలత పేరే ఖాయమైందని రాసి, పక్కన నవ్వే బొమ్మలు పెట్టాడు. పరమేశన్న పెద్దమనిషి, బొమ్మలు చూడడు.

మా దగ్గర ఎవరికి పేరొచ్చినా, ముందు శాలువా కప్పినవాడికే అందులో సగం. అదే టికెట్ మీద కన్నేసిన అమరేందర్ శాలువా కొంటున్నాడని తెలిసి పరమేశన్న చటుక్కున లేచాడు. బైకు మీద ఉరికి, గిన్నెలు తోముతున్న స్నేహలతకు ముందు శాలువా కప్పి, ఫొటో దిగి, ఆ తర్వాత సంగతి చెప్పాడు. ఆమె నవ్వీ నవ్వీ అక్కడే కూలబడింది. మర్నాడు పేపర్లో "ఆనందంలో గాయని" అని అచ్చయింది.

అది చూసి శివ్వంపేట వాళ్లు బస్టాండు ముందు బైఠాయించారు. గాయని పుట్టింది తమ మండలంలోనట, కాబట్టి గ్రహం తమదేనట. గ్రహాన్ని ఉమ్మడిగా ఉంచుదామని పరమేశన్న ఒప్పించాడు. అంత పెద్ద పంచాయితీని చాయ్ చల్లారేలోపు తెంపడం మామూలు నాయకుడి వల్ల అయ్యే పని కాదు.

శశిధర్‌కు భయం పట్టుకుంది. వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అన్నా, గది మేం జోక్‌గ పెట్టినం."

"ఫ్లెక్సీ కట్టినంక ఇంకా జోకేంది తమ్మీ," అన్నాడు పరమేశన్న శాంతంగా.

ఆ సాయంత్రమే జిల్లా పార్టీ అధ్యక్షుడు కృపాదానం పిలిపించి, వార్డు టికెట్ అమరేందర్‌కు ఇచ్చామన్నాడు. పరమేశన్న కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. ఎన్ని శాలువాలు, ఎన్ని ఫ్లెక్సీలు, ఎన్ని చావులకు పోయి కూర్చోవడం, అంతా వృథా.

"పరేషాన్ గాకు. నిన్ను గా గ్రహానికి పార్టీ ఇన్‌చార్జిని చేస్తున్నం," అన్నాడు అధ్యక్షుడు.

"గక్కడ జనం ఉన్నరా సార్?"

"ఒక్కరు గూడ లేరు. నల్లా నీళ్లు రాలేదని, మోరీల మురికి నిండిందని అడిగేటోళ్లే ఉండరు."

పరమేశన్న కళ్లు తుడుచుకుని, అధ్యక్షుడి కాళ్లకు దండం పెట్టాడు.

ఈ సంగతి తెలిసిన అమరేందర్ అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి టికెట్ వాపస్ ఇచ్చి, అవతలి పార్టీలో చేరి, వాళ్ల తరఫున అదే గ్రహానికి ఇన్‌చార్జి అయ్యాడు. ఇప్పుడు చౌరస్తాలో ఇద్దరి ఫ్లెక్సీలూ ఎదురెదురుగా ఉన్నాయి. ఆరో వార్డుకు అభ్యర్థి కోసం రెండు పార్టీలూ వెతుకుతున్నాయి.