మహిళా సమాజం గుమ్మానికి వేపమండలు

రామేశ్వరమ్మ చేసిన ఏర్పాటు ఏదీ అంతవరకు బెడిసికొట్టలేదు. బెడిసికొట్టినవాటిని ఆమె తన ఏర్పాట్లలో కలుపుకునేది కాదు. అందుకే పత్తికొండ మహిళా సమాజం అధ్యక్షురాలు ఆ పొద్దున చాలా నిబ్బరంగా కాఫీ తాగింది. భోజనాల వేళకు కర్నూలు నుంచి కలెక్టరు గారి భార్య వస్తున్నారు. గుమ్మానికి తోరణం, గడపకు పసుపు, ఆడపిల్లల ప్రార్థన గీతం, ఆ వెంటనే సమాజం చేసిన సేవ గురించి తన ఉపన్యాసం. అది ముగిసేసరికి ఖాళీగా పడి ఉన్న పాత కచేరీ భవనం సమాజానికి దక్కాలి.

దక్కకపోతే ఇక సమాజమే ఉండదు. ఇన్నాళ్లూ ఒక వేరుశనగ బుడ్డల వ్యాపారి గోదాములో ముందరి గది, వసారా వాడుకుంటున్నారు. కొత్త పంట వచ్చేలోగా ఖాళీ చేయమని ఆయన చెప్పేశాడు. కుట్టుమిషన్లు, పలకలు, గంగాళాలు ఎవరింట్లో పెట్టాలి? కరువు ఏడాది ఆ గంగాళాల్లోనే ఊరికి గంజి కాచారు. సమాజం పుట్టిందే ఆ పొయ్యి దగ్గర. తర్వాత వేలిముద్ర వేసే ఆడవాళ్లకు పేరు రాయడం నేర్పారు, మంత్రసానులకు తర్ఫీదు ఇప్పించారు. చోటు లేక చెదిరిపోతామేమోనన్న భయం రామేశ్వరమ్మకు ఉంది గాని, దాన్ని ఎవరి ముందూ బయటపెట్టలేదు.

ఆ సేవా చరిత్రలో మచ్చ ఒక్కటే. అది మశూచి టీకాలు. టీకాల ఓబులేసు సైకిలు వీధి మలుపు తిరిగిందంటే తలుపులన్నీ మూసుకునేవి. సమాజం తరఫున రామేశ్వరమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పినా ఒక్కరూ చొక్కా చేయి పైకెత్తలేదు. అందువల్ల ఉపన్యాసంలో ఆ సంగతిని "టీకాల విషయములోనూ కృషి జరుగుచున్నది" అన్న ఒకే ముక్కతో దాటవేసింది.

మొదటి చిక్కు తోరణం దగ్గర వచ్చింది. పిందెలు రాలిపోతాయని మామిడితోట ఆసామి పిడికెడు ఆకులే పంపాడు. కార్యదర్శి వెంకటలక్ష్మమ్మ ఆ బుట్ట చూసి దిగాలుపడింది.

"ఏముండాది దిగులుపడేకి? మిగతాదానికి యాపమండలు కట్టిచ్చు. నడమ నడమ మామిడాకు గుచ్చితే సరి. మొన్న ఉగాదికి మనిండ్లకు కట్టుకోలేదా?" అంది రామేశ్వరమ్మ.

అధ్యక్షురాలు ఒక మాట అన్నాక దానిమీద చర్చ ఉండదని కార్యదర్శికి అనుభవమే. సమాజంలో ఊడ్చి తుడిచే హులిగెమ్మకు ఆ పని అప్పగించి, ఉపన్యాసం మరొకసారి వల్లెవేసుకోవడానికి రామేశ్వరమ్మ లోపలికి వెళ్లింది. హులిగెమ్మ వేపమండలు కోసుకొని వచ్చేలోగా గోదాము ముందు విప్పిన బండెద్దు ఒకటి మామిడాకుల బుట్టను ఖాళీ చేసింది. హులిగెమ్మ ఉన్న వేపమండలే గుమ్మం నిండా కట్టింది. గడపకు దండిగా పసుపు పూసింది. కొత్త కుండలో నీళ్లు నింపి, ఈగలు పడకుండా దానిమీద కూడా ఒక వేపమండ పెట్టింది.

పొద్దుటి నుంచి ఎండలో తిరిగిన వెంకటలక్ష్మమ్మకు కళ్లు తిరిగాయి. అసలే వేసవికి ఆమె ముఖమంతా చెమటకాయలు పేలి ఉన్నాయి. కాసేపు నడుం వాలుద్దామని గదిలో చాప పరుచుకొని, నుదుటిమీద తడిగుడ్డ వేసుకొని పడుకుంది. ఆ చాప వీధిలోకి కనిపిస్తుంది.

ఎదురింటి లక్ష్మక్క గడపలోకి వచ్చి ఈ వైపు చూసింది. వట్టి వేపమండలు, పసుపు గడప, కుండ, లోపల చాపమీద ఎర్రటి పొక్కుల ముఖంతో ఒక ఆడమనిషి. ఇక ఆమెకు వేరే చెప్పాల్సిన పనిలేకపోయింది. అమ్మవారు పోసిన ఇంట్లో ఎవరికి పోసింది, ఎప్పుడు పోసింది అని నోరు తెరిచి అడగకూడదు. అడిగితే తల్లికి కోపం వస్తుంది. లక్ష్మక్క ఏమీ అడగకుండా బిందెడు పసుపునీళ్లు తెచ్చి సమాజం గడపలో పోసి, చెంపలు వేసుకొని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది.

వసారాలోకి వచ్చిన రామేశ్వరమ్మ ఇది చూసి పొంగిపోయింది. చెప్పకుండానే వాకిలి చల్లి పోయిందంటే సమాజం మీద ఎంత గురి. కొంతసేపటికి ఆ వీధి ఆడవాళ్లంతా బిందెలతో వచ్చారు. ఒకామె ముంతలో పెరుగన్నం పెట్టిపోయింది. కూర్చోమంటే తలలు అడ్డంగా ఊపారు. పెద్ద ఈరన్న అనే రైతు మేకపోతుకు పసుపు పూసి తీసుకొచ్చి వసారా స్తంభానికి కట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆతిథ్యం కొంచెం ఎక్కువైందని రామేశ్వరమ్మకే అనిపించింది. కలెక్టరు గారి భార్య మాంసం తింటారో లేదో ముందుగా కనుక్కోలేకపోయానే అని నొచ్చుకుంది.

ఇంత అభిమానంలోనూ ప్రార్థన గీతం పాడే పిల్లలు ఒక్కరూ రాలేదు. సభ్యురాళ్లూ రాలేదు. ఊరు మాత్రం వీధి ఆ చివర గుంపుగా నిలబడి ఉంది. ఆ గుంపును రెండుగా చీల్చుకుంటూ ఓబులేసు సైకిలు వచ్చి వసారా ముందు ఆగింది.

"ఎవరికమ్మా పోసింది?" అన్నాడు ఓబులేసు, పెట్టె దించుతూ. "కరణం కబురంపినాడు. సమాజంలోనే పోసిందని ఊరంతా అంటాండారు."

రామేశ్వరమ్మ గుమ్మం వైపు తలెత్తి చూసింది. తర్వాత కుండను, మేకపోతును చూసింది. అప్పుడుగాని ఆమెకు సంగతి తట్టలేదు. ఓబులేసు లోపలికి వెళ్లి వెంకటలక్ష్మమ్మను లేపి, ముఖం పరీక్షించి, చందనం రాసుకోమని చెప్పి బయటికి వచ్చాడు.

"మామిడాకు ఏమాయె హులిగెమ్మా?" అంది రామేశ్వరమ్మ.

"ఎద్దు తినిందక్కా. ఎంకటలచ్చుమమ్మక్క పండుకోనుండాది, నీవేమో యాపమండలు కట్టమంటివి. నిజంగానే పోసిందేమో అనుకుంటి. అడగకూడదు గదా అని అడగలే."

కలెక్టరు గారి భార్య వచ్చే వేళ అయింది. ఊరి బయట ఎవరైనా ఒక్క మాట చెవిన వేస్తే చాలు, జీపు అటునుంచి అటే తిరిగిపోతుంది. దాంతోపాటే పాత కచేరీ కూడా. రామేశ్వరమ్మ మండలు పీకబోతే హులిగెమ్మ అడ్డుపడింది. ఊరంతా చూస్తుండగా పీకితే తల్లిని వెళ్లగొట్టినట్టు ఉంటుందని, అప్పుడు ఊరు తమనే వెళ్లగొడుతుందని చెప్పింది. ఇక మిగిలింది నిజం చెప్పడమే. రామేశ్వరమ్మ కొంగు బిగించి వీధిలోకి దిగింది.

"ఎవరికీ ఏమీ పోయలేదు. అవి చెమటకాయలు. తోరణానికి మామిడాకు దొరక్క యాపాకు కట్టినాము, అంతే."

గుంపులో ఎవరూ నమ్మలేదు. అమ్మవారు పోసిన ఇంట్లో ఎవరు ఒప్పుకున్నారు గనుక? ఆమె గట్టిగా కాదన్నకొద్దీ వాళ్లకు గట్టిగా అవుననిపించింది. ఏమీ లేకపోతే టీకాల పెట్టె ఎందుకొచ్చిందని ఎవరో అన్నారు. లక్ష్మక్క తన ఇంటివైపు, సమాజంవైపు మార్చి మార్చి చూసింది. రెంటికీ మధ్య బండి పట్టేంత దారి. ఆమె ధైర్యం అక్కడితో అయిపోయింది. నేరుగా ఓబులేసు దగ్గరికి వచ్చి రవిక చేయి పైకి జరుపుకుంది.

"మాది ఎదురిల్లప్పా. ముందు నాకు ఎయ్యి. మా ఇంట్లో అందరికీ ఎయ్యి."

లక్ష్మక్క వేయించుకున్నదాన్ని పక్కింటివాళ్లు వేయించుకోకుండా ఉంటారా? వరస వీధి మలుపు దాటింది. ఇన్నేళ్లూ మూసిన తలుపులకు టీకాల గొప్పతనం చెప్పిన ఓబులేసు, ఇప్పుడు తోసుకోవద్దని అరవాల్సి వచ్చింది. రామేశ్వరమ్మ మాత్రం వరస పక్కనే నడుస్తూ, ఎవరికీ పోయలేదని ఒక్కొక్కరికీ చెబుతూనే ఉంది. వాళ్లు అలాగేనని తల ఊపి, ఒక అడుగు ముందుకు జరిగేవాళ్లు.

జీపు వచ్చి ఆగింది అప్పుడే. కలెక్టరు గారి భార్య దిగి, చొక్కా, రవిక చేతులు పైకి జరుపుకొని వరసలో నిలబడిన ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు.

"నేను ఎన్నో ఊళ్లు తిరిగానండీ. టీకాలంటే పారిపోయేవాళ్లే అందరూ. మీరు ఏం చేశారు?"

రామేశ్వరమ్మ దాచలేదు. బండెద్దు దగ్గర మొదలుపెట్టి, చెమటకాయల మీదుగా లక్ష్మక్క దాకా ఉన్నదున్నట్టు చెప్పింది. వింటున్న వెంకటలక్ష్మమ్మ చందనం ముఖం చేతుల్లో దాచుకుంది. కలెక్టరు గారి భార్య నవ్వి, రామేశ్వరమ్మ చేయి పట్టుకున్నారు.

"చేసిన పనిని ఇంత తేలిగ్గా చెప్పేవాళ్లను నేను చూడలేదు. పాత కచేరీ ఇక మీదే. మావారితో నేను చెబుతాను."

ఉపన్యాసం అవసరమే రాలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి తలుపు మూసుకొని రామేశ్వరమ్మ సంతోషంతో కాసేపు ఏడ్చింది. ముఖం కడుక్కున్నాక, ఈ ఏర్పాటును కూడా తన ఏర్పాట్లలో కలిపేసుకుంది.

పాత కచేరీలో గృహప్రవేశం వైభవంగా జరిగింది. ఈసారి డోన్ నుంచి తెప్పించిన మామిడాకులు బుట్టలకొద్దీ గుమ్మానికి గుచ్చారు. మిగిలిపోయిన వీధులవాళ్లకు టీకాలు వేయించడానికి ఓబులేసును కూడా పిలిచి కుర్చీ వేశారు. సాయంత్రం దాకా పెట్టె ముందు పెట్టుకొని కూర్చున్నా ఒక్కరూ రాలేదు.

మరునాడు ఓబులేసు సైకిలు వెనక టీకాల పెట్టెతో పాటు ఒక మోపు వేపమండలు కూడా కట్టుకొని వచ్చాడు.