గుమ్మంలో మంత్రిగారు

ఆ ఉదయం విలేకరి పెట్టుకున్న పని ఒక్కటే, వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేయడం. ఒంట్లో బాగాలేదు, మధ్యాహ్నానికి వచ్చేస్తానని ఆఫీసుకు ఫోన్ చేసి, పానా పట్టుకుని కూర్చున్నాడు. రెండు తిప్పులు తిప్పేసరికి కుళాయి ఊడి చేతికొచ్చింది. నీళ్ళు ఎగజిమ్మి మొహాన కొట్టాయి. పరుగున వెళ్ళి గేటు పక్కనున్న వాల్వు కట్టేసి, తడిసి ముద్దై గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, భార్య పొట్ట పట్టుకుని నవ్వుతూ తువ్వాలుతో అతని బట్టతల తుడిచింది.

ఆ తల ఆవిడ తప్ప మరొకరు చూడనిది. జుట్టు రాలడం మొదలైన దగ్గర్నుంచీ అతను టోపీ లేకుండా గడప దాటడం ఆ పొద్దునే మొదటిసారి. ఆఫీసులో అందరూ దాన్ని స్టైలనుకునేవారు. అతనూ కాదనలేదు, వాళ్ళలో ఎవర్నీ ఇంటికి పిలిచిందీ లేదు.

మధ్యాహ్నం ఆఫీసులో అడుగు పెట్టగానే ఎడిటర్ ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"సమయానికొచ్చావయ్యా! మంత్రిగారు దొరికిపోయాడు."

కంప్యూటర్ తెర మీద ఓ ఫోటో. తడిసిన తెల్లచొక్కా వీపు, దాని పైన నిగనిగలాడే బట్టతల, గుమ్మంలో ఒకావిడ, ఆవిడ చేతిలో తువ్వాలు. విలేకరి తెర మీదికి వంగి చూశాడు. ఆ గేటు తనది. ఆ తువ్వాలు తనది. ఆ ఆవిడ కూడా తన ఆవిడే.

"ఆ వీధిలో మంత్రికి ఇంకో ఇల్లుందని పుకారు కదా, పొద్దున్నుంచీ కారులో కాపు కాశాను," అన్నాడు ఆఫీసంతా డేగ అని పిలిచే ఫోటోగ్రాఫర్. "మొహం దొరకలేదుగానీ, మంత్రిగారి బట్టతల ఊరందరికీ తెలిసిందే, అది చాలదూ?"

"ఆవిడ మొహం మసక చేశాం. మనకీ విలువలున్నాయి," అన్నాడు ఎడిటర్. "కూర్చుని రాసెయ్."

"ఆయన్నో మాట అడగకుండా ఎలాగండీ? అయినా ఒకరింటి గొడవ మనకెందుకు?"

"ప్రజాజీవితంలో ఉన్నవాడికి తలుపులెందుకని మొన్న రాసింది నువ్వే కదయ్యా! ఫోటో అరగంట క్రితమే వెబ్‌సైట్లో పెట్టేశాం."

అంతలో విలేకరి జేబులో ఫోన్ మోగింది.

"ఏమండీ, ఇంటి ముందు టీవీ వాళ్ళు!" అంది భార్య. "మంత్రిగారు ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారని అడుగుతున్నారు. మా ఆయనండీ అంటే, 'అందరూ అలాగే అంటారు' అంటున్నారు. పక్కింటి పిన్నిగారు వీధి దీపాల గురించి అర్జీ రాసి నా చేతిలో పెట్టారు, మంత్రిగారికి ఇవ్వమని. ఎదురింటాయన నన్ను చూసి కిటికీ మూసేశాడు. తమాషాగా ఉందా మీకు?"

ఆఖరి మాట దగ్గర ఆవిడ గొంతు వణికింది. అతనికి ఇన్నాళ్ళూ తను రాసిన గుసగుసల్లోని ఆడవాళ్ళకూ ఇలాగే కిటికీలు మూసుకుపోయి ఉంటాయని మొదటిసారి తట్టింది. నోరు విప్పబోయేంతలో తలుపు తెరుచుకుంది. మంత్రిగారే వచ్చాడు, నుదుటి మీద పెద్ద కట్టుతో. వెనకాల ఆయన భార్య.

"అది నేను కాదు," అన్నాడు మంత్రి.

"అయితే పొద్దున ఎక్కడున్నారు సార్?" అన్నాడు ఎడిటర్. "ఆ దెబ్బ ఎలా తగిలింది?"

మంత్రి భార్య వంక చూశాడు. ఆవిడ నేల చూపులు చూసింది. సభల్లో మైకు విరిగేలా మాట్లాడే మనిషి చెవులదాకా ఎర్రబడి నీళ్ళు నమిలాడు. డేగ కెమెరా ఎత్తాడు.

విలేకరి ఇక ఆగలేకపోయాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ ఫోటోలో ఉన్నది నేనండీ. ఆవిడ మా ఆవిడ. కుళాయి ఊడింది."

ఎడిటర్ నమ్మలేక, ఇద్దర్నీ వెనక్కి తిరగమన్నాడు. మంత్రి, విలేకరి గోడవైపు తిరిగి పక్కపక్కన నిలబడ్డారు. డేగ తెరనూ తలలనూ మార్చిమార్చి చూసి, చివరికి విలేకరి చెవి వెనకున్న పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, "ఇతనే సార్," అన్నాడు నీరసంగా.

ముందుగా నవ్వింది మంత్రిగారి భార్య. "చెప్పేయండి, ఏమైంది ఇప్పుడు!" అని, తనే చెప్పేసింది. "ఈయనకి చిన్నప్పుడు సైకిలు రాలేదు బాబూ. పొద్దున మా పెరట్లో నేర్పిస్తున్నాను. నేను వెనక పట్టుకున్నాననుకుని తొక్కారు. నేనెప్పుడో వదిలేశాను."

"గోడ మాత్రం వదల్లేదు," అన్నాడు మంత్రి. "దయచేసి రాయకండి. ఆ ఫోటో తీసేస్తే నేనూ కోర్టుకెళ్ళను."

డేగ కళ్ళు మెరిశాయి. "సార్, మొదటి పేజీ!"

"అది వాళ్ళ పెరటి సంగతి," అన్నాడు విలేకరి. ఎడిటర్ ఒక్క క్షణం ఊగిసలాడి, కెమెరాను తన చేత్తోనే కిందికి దించాడు.

పది నిమిషాల్లో ఫోటో పోయి, ఆ చోట క్షమాపణ వచ్చింది. సాయంత్రానికి ఇంటి ముందు టీవీ బండ్లు లేవు. ఎదురింటాయన కిటికీ తెరిచాడు. పక్కింటి పిన్నిగారు వచ్చి, "నువ్వు మంత్రిగారి మనిషివి కావని ముందే చెప్పకూడదుటమ్మా!" అని అర్జీ పట్టుకుపోయింది. భార్య తలుపు గడియ పెట్టి, అతని భుజానికి తల ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. అతనికి గుండెల మీంచి బండ దింపినట్టయింది.

మర్నాడు ఆఫీసు గోడ మీద ఎడిటర్ సంతకంతో కొత్త నియమం వెలిసింది: ఎవరినైనా వెనక నుంచి ఫోటో తీస్తే, అచ్చు వేసేముందు మన సిబ్బంది అందరి తలలూ ఒకసారి సరిచూసుకోవలెను.