డిక్షనరీని సగానికి కోయండి!

డిక్షనరీ కొన్నవాళ్లు మొట్టమొదట చేయాల్సిన పని దాన్ని సరిగ్గా సగానికి కోయడం! అది రష్యన్–ఇంగ్లిష్ డిక్షనరీ అయితే తప్పకుండా కోయాలి. కొన్నవాళ్లు మొగుడూ పెళ్లాలైతే ఇక ఆలోచించనే అక్కర్లేదు!

నవ్వకండి. రెండు భాషల డిక్షనరీ అన్నాక ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ రెండు వైపులా ఉండాలని పండితులు చెబుతారు. పండితులకేం, ఎన్నయినా చెబుతారు. వాళ్లు ఏనాడైనా టమాటాలు గ్రేడు చేశారా? మదనపల్లె మార్కెట్ యార్డులో పద్దెనిమిదేళ్లుగా ఆ పని చేస్తున్న మునిశేఖర్‌ను అడగండి.

యార్డులో ఉన్నవాడికి రష్యన్ ఎందుకంటారా? ఆయన భార్య ప్రమీల ఊరి బయట గార్మెంట్ ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా చొక్కాలకు కాలర్లు కుడుతోంది. ఆ ఫ్యాక్టరీ నెలాఖరుకు మూతపడుతోంది. ఇంతలో కుప్పం ఏజెంటు పవన్ కుమార్ ఫోన్ చేశాడు. రష్యాలో ఒక బట్టల ఫ్యాక్టరీకి కుట్టేవాళ్లు కావాలట. మొగుడు కూడా వస్తే ప్యాకింగ్‌లో పెట్టుకుంటారట. ఇంటర్వ్యూ కుప్పంలోనే, ప్రశ్నలు స్క్రీన్ మీద రష్యన్‌లో వస్తాయి, సెల్‌ఫోన్ ముట్టుకోకూడదు, డిక్షనరీ పుస్తకం మాత్రం చూసుకోవచ్చు. ప్రమీల బతుకు ఆ పుస్తకం మీద ఆధారపడింది.

పుస్తకాల షాపుకు తనూ వస్తానంది ప్రమీల. "నువ్వు యాల? నేను సూడని సరుకా?" అని మునిశేఖర్ ఒక్కడే వెళ్లాడు.

షాపాయన మూడు డిక్షనరీలు ముందు పెట్టాడు. "నేర్సుకునేవాళ్లకి పెద్దది వద్దప్పా. పలికే తీరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుండేది సూసుకో" అని సలహా కూడా ఇచ్చాడు. మునిశేఖర్ సలహాల మీద ఆధారపడే మనిషా? పుస్తకాలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు. లావుది బాగా మాగిపోయింది, పేజీలు పసుపు తిరిగాయి. జేబులో పట్టేది ఉత్త పిందె. మూడోది దోరగా ఉంది.

దోరగా ఉన్నంత మాత్రాన కొనేస్తారా? క్రేటులో పైవరుస ఎవరైనా అందంగానే పేరుస్తారు. మునిశేఖర్ పుస్తకాన్ని నడిమికి తెరిచాడు. అక్కడ దొరికింది అసలు సంగతి! ముందు సగంలో రష్యన్ మాటలకు ఇంగ్లిష్ అర్థాలు. వెనక సగంలో ఇంగ్లిష్ మాటలకు రష్యన్ అర్థాలు, పక్కనే పలికే తీరు ఇంగ్లిష్ అక్షరాల్లో.

"ఒకే సరుకు రెండు తూర్లు పేర్సి పెట్టినాడు సూడు" అన్నాడు ఇంటికొచ్చి. "మనకి మంచిదే అయింది. సెరొకటి."

"రెండూ ఒకటి కాదేమో" అంది ప్రమీల. "ఒకటి వాళ్ల మాట మనకి తెలిసేదానికి, ఇంగొకటి మన మాట వాళ్లకి సెప్పేదానికి అనుకుంటా."

అది ఆయన చెవిన పడలేదు. మర్నాడే పుంగనూరు బస్సెక్కాడు.

పుంగనూరులో బైండింగ్ చేసే వెంకటముని పుస్తకాలు అతికించి, కుట్టి, అట్టలు వేసి తలనెరిసిన మనిషి. ఒకదాన్ని రెండు చేయమని అడిగినవాళ్లు ఆయనకు ఇంతవరకు తగల్లేదు. "ఇంగొక తూరి ఆలోచించుకోప్పా" అన్నాడు. మునిశేఖర్ ఆలోచించాల్సింది బస్సులోనే అయిపోయిందన్నాడు. కత్తి దిగింది. రెండు సగాలకూ నీలం కాలికో గుడ్డ అట్టలు పడ్డాయి. అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లోనైనా ఇంత న్యాయం ఉంటుందా, మీరే చెప్పండి!

ఇక ఎవరికి ఏ సగం? ఇంగ్లిష్ నుంచి రష్యన్‌కు వెళ్లే సగం, అంటే మాట్లాడే సగం, మునిశేఖర్ తీసుకున్నాడు. రష్యన్ నుంచి ఇంగ్లిష్‌కు వచ్చే సగం, అంటే అర్థం చేసుకునే సగం, ప్రమీల చేతిలో పెట్టాడు. "మాట్లాడేది నేను సూసుకుంటా. వాళ్లు ఏమంటారో నువ్వు తెలుసుకుంటే సాలు. ఇంట్లో మనకి అలవాటే గదా" అన్నాడు.

ఇంతకంటే సుఖమైన చదువు ఉంటుందా? ఒకరి పుస్తకం కోసం ఇంకొకరు కాచుకోనక్కర్లేదు. మునిశేఖర్ యార్డులో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. మంచి కాయ వస్తే "హరషో", మచ్చ కాయ వస్తే "ప్లోఖా". రైతు బతిమాలితే "స్పసీబ" అని థాంక్స్ చెప్పి పంపేసేవాడు. వారం తిరిగేసరికి హమాలీలు కూడా మచ్చ కాయల క్రేట్లను ప్లోఖా క్రేట్లని పిలవసాగారు. పుంగనూరు రైతు ఒకాయన అదేదో కొత్త తెగులనుకుని మందు కోసం అంగడికి వెళ్లాడట!

ప్రమీలకు ప్రాక్టీసు చేయడానికి ఏమీ లేదు. ఆమె సగంలో మాటలన్నీ రష్యన్ అక్షరాలతో మొదలవుతాయి కాబట్టి, ఫ్యాక్టరీ బస్సులో కూర్చుని ముప్పై మూడు అక్షరాలూ నేర్చుకుంది. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లిష్ ఉంది. కాలర్, కఫ్ లాంటివి ఎలాగూ రోజూ నోట్లో ఆడే మాటలే.

కుప్పంలో ఇంటర్వ్యూ రోజు ముందుగా మునిశేఖర్ కూర్చున్నాడు. స్క్రీన్ మీద రష్యన్ మేడమ్ నవ్వింది. ఆమె పక్కన పెద్ద అక్షరాల్లో ప్రశ్న వచ్చింది. ప్రశ్న ఏమిటో తెలుసుకునే సగం ఆయన దగ్గర లేదు. అయితేనేం? జవాబులన్నీ ఉన్నాయి కదా! "దోబ్రయె ఊత్ర" అని శుభోదయం చెప్పాడు. రెండో ప్రశ్నకు "పమిదోర్", అంటే టమాటా, అన్నాడు. మూడోదానికి "పమిదోర్ హరషో. స్పసీబ" అన్నాడు. ప్రశ్నలు ఆగిపోయినా ఆయన ఆగలేదు. మేడమ్ చెయ్యెత్తింది. స్క్రీన్ మీద రెండే రెండు మాటలు వచ్చాయి.

వెనక కూర్చున్న ప్రమీల పుస్తకం తిరగేసింది. "ఆపమంటాండారు" అంది.

"నువ్వుండు" అని ఆయన ప్యాకింగ్ సంగతి చెప్పడానికి ఇంగ్లిష్ 'బాక్స్' దగ్గర పేజీ తెరిచాడు.

తర్వాత ప్రమీల వంతు. స్క్రీన్ చూసింది, పేజీలు తిప్పింది, లేచి పక్కనున్న కుట్టుమిషన్ దగ్గర కూర్చుంది. కాలర్ కుట్టి చూపించమన్నారు, కుట్టింది. కాలర్ కొన తిప్పి చూపమన్నారు, చూపింది. నోరు తెరవలేదు, తెరిచే సగం ఆమె దగ్గర లేదు. ఆమె ఒక్కతే సెలెక్టయిందని పవన్ కుమార్ అక్కడికక్కడే చెప్పేశాడు.

తిరుగు బస్సులో వి.కోట దాకా మునిశేఖర్ ఆ మేడమ్‌కు రష్యన్ సరిగ్గా రాదని వివరించాడు. ప్రమీల చెయ్యి చాపింది.

"నీ సగం ఇట్లియ్యి. ఆడ మాట్లాడాల్సింది నేనే."

ఇచ్చాడు. బదులుగా ఆమె సగం తనకిస్తుందని చూశాడు. ఆమె రెండు సగాలనూ బ్యాగులో పెట్టి జిప్ వేసింది.

"మరి నాకు?"

"నీకు పుస్తకం ఎందుకు? నేను తెలుగులోనే గదా సెప్తా ఉండేది, పన్నెండేళ్లుగా."

మునిశేఖర్ సీట్లో ఆమె వైపు తిరిగాడు. "ఏం సెప్పినావు?" అని అడిగాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

ప్రమీల చెప్పడం మొదలుపెట్టింది. పలమనేరు దాటింది, పుంగనూరు దాటింది. మదనపల్లె బస్టాండులో దిగేసరికి పెళ్లయిన మొదటి సంవత్సరం సంగతులే ఇంకా పూర్తికాలేదు.