మామగారి జంట ఫోటో

ఆ ఆదివారం పొద్దున అల్లుడు పెట్టుకున్న పని చాలా చిన్నది. పదింటికి మామగారు మేడ దిగి వచ్చేలోపు రెండు ఫోటోలు ఒక అట్టకు అతికించాలి, అంతే.

రెండూ మామగారివే. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి కానీ ఒకటి ఎడమ కంటికి, ఇంకొకటి కుడి కంటికి. పక్కపక్కన అతికించి, రెండు అద్దాల పెట్టెలోంచి చూస్తే మనిషి బొమ్మలోంచి లేచొచ్చి ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. ఈ పిచ్చి ఆర్నెల్లుగా భోజనాల బల్లను ఆక్రమించడంతో ఆలుమగలు కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. మేడ మీది ఖాళీ గది ఇవ్వమని అడిగితే, ముందు పనితనం చూపించమనీ, నచ్చకపోతే అందులో తన పాత బీరువాలు పెట్టుకుంటాననీ మామగారు తేల్చేశారు.

ఏది ఏ కంటిదో వెనకవైపు ఇంకుతో గుర్తు పెట్టుకున్నాడు. మొదటి ఫోటోకు జిగురు పూశాడు. ఆ తడికి గుర్తు చెరిగిపోయింది. పోతే పోయింది, రెండోదాని మీద ఉందిగా అనుకుని చెయ్యి చాపితే, రెండోది బల్ల మీద లేదు.

"ఒకలాంటివి రెండెందుకని ఒకటి ఫ్రేములో అతికించేశానండీ, నాన్నకి ఇద్దామని" అంది భార్య, వంటింట్లోంచి.

అవి ఒకలాంటివి కావనీ, మధ్యలో కెమెరాను రెండున్నర అంగుళాలు జరిపాననీ అతను మొత్తుకున్నాడు.

"నాన్న జరగలేదుగా" అంది ఆవిడ.

ఫ్రేము విప్పబోతే అద్దం పగిలింది. ఫోటో ఊడొచ్చింది గానీ, వెనక గుర్తున్న చోట నీలం మరక మిగిలింది. సరేనని బల్ల దగ్గరికొస్తే ఈసారి మొదటిది మాయం. ఇద్దరూ బల్ల కింద, కుర్చీల కింద, చెత్తబుట్టలో వెతికారు. అతను మంచం కింద దూరినప్పుడు భార్య వెనకనుంచి నింపాదిగా అడిగింది.

"మీ మోచేతికి అంటుకున్నది మా నాన్న కాదూ?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. నిదానంగా పోల్చి చూస్తే ఏది ఎడమో తెలిసేదే. కానీ ఆర్నెల్ల అనుభవం ఉన్నవాడికి పోల్చడం నామోషీ. ఒక్క చూపులో తేల్చేసి అతికించాడు.

మామగారు పెట్టెకు కళ్లు ఆనించాక గానీ అతనికి వెలగలేదు, కుడిఎడమలు తారుమారయ్యాయని. అలా అతికిస్తే దూరం దగ్గరవుతుంది, ముందుకు పొడుచుకొచ్చినది లోపలికి పోతుంది. ఏ గదిలోకైనా మామగారికంటే ముందు ఆయన పొట్ట వస్తుంది. అల్లుడి కళ్ల ముందు బీరువాలు ఒక్కొక్కటే మేడెక్కాయి.

మామగారు ఎంతకీ పెట్టె దించలేదు.

"ఇది నేనేనా?" అన్నారు చివరికి.

"మీరేనండీ. కాకపోతే తప్పుగా అతికించాను. ఒక్క పావుగంటలో సరిచేసేస్తాను."

"దాని మీద చెయ్యి వేశావంటే గది సంగతి మరిచిపో" అన్నారు మామగారు, ఊపిరి బిగబట్టి తన పొట్ట వైపు ఒకసారి, పెట్టెలోకి ఒకసారి చూసుకుంటూ.

సాయంత్రానికి గది తాళంచెవి వచ్చింది, దాని వెంటే ఆయన తోటి పొట్టల మిత్రులు పదకొండు మంది వచ్చారు. అల్లుడిప్పుడు మేడ మీద కూర్చుని, గుర్తులు రెండుసార్లు సరిచూసుకుని మరీ తప్పుగా అతికిస్తున్నాడు.