ఓడ ధర ఇంకా తగ్గుతుంది!

విహారయాత్ర ఓడల టికెట్ల ధర పూటకో రకంగా మారుతోందని శాపనార్థాలు పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర, సాయంత్రం టీ తాగి వచ్చేసరికి మరో ధర! పెన్షన్ పుచ్చుకునే మనిషికి ఇంతటి సేవ ఏ ప్రభుత్వమైనా చేసిందా?

నమ్మకం కుదరకపోతే ఇంగ్లండులోని మా సౌతాంప్టన్ రేవుకు వచ్చి, మా పక్కింటి రోలండ్ టిజర్డ్‌ని చూడండి.

రోలండ్ సిటీ బస్సులకు టైమ్ టేబుళ్ళు వేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మొదటి చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే ప్రతి బస్సూ ఎంత ఆలస్యంగా పోతోందో చూసి కుమిలిపోయాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. "పొద్దున్నే లేవడానికి ఏదో ఒక పని పెట్టుకోవయ్యా" అన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడు దొరికింది, మా రేవు నుంచి నార్వేకు పోయే విహారయాత్ర ఓడ!

నిజానికి ఓడ ఎక్కాలన్న కోరిక అతనిది కాదు, భార్య గ్లెనిస్‌ది. ఆవిడ రేవు పక్కనున్న లాండ్రీలో ముప్పై ఏళ్ళు ఓడల దుప్పట్లు ఇస్త్రీ చేసింది. అవి మూటలు మూటలుగా ఓడ దిగేవి, మడతలు మడతలుగా మళ్ళీ ఎక్కేవి. ఆవిడ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు.

"ఇంకెవరో ఇస్త్రీ చేసిన దుప్పటి మీద నేను పడుకోవాలి రోలండ్. పొద్దున కళ్ళు తెరిస్తే కిటికీలో నార్వే కొండలు కనిపించాలి. అంతే" అంది.

భర్త అన్నవాడు ఏం చెయ్యాలి? కంప్యూటర్ తెరిచాడు, ధర చూశాడు, "కొద్దిగా ఆగుదాం" అన్నాడు.

అది మూడేళ్ళ కిందటి మాట.

ఆ మూడేళ్ళలో రోలండ్‌కు కలిగిన మేలు అంతా ఇంతా కాదు. పొద్దున టీ కూడా ముట్టకుండా మేడమీదికి పరిగెత్తి ధర చూస్తాడు. మోకాళ్ళ నొప్పులు మాయం! ధర తగ్గిందా, మొహం చేటంత అవుతుంది. "చూశావా, దిగడం మొదలైంది. ఇంకా తగ్గుతుంది" అంటాడు. కాబట్టి కొనడు. పెరిగిందా, పళ్ళు నూరుతాడు. "ఇంత పెట్టి ఎవడు కొంటాడు? చచ్చినట్టు తగ్గించాలి" అంటాడు. కాబట్టి కొనడు. ధర కదలకుండా ఉందనుకోండి, "ఏదో ఎత్తు వేస్తున్నారు" అంటాడు. అప్పుడూ కొనడు. పెరిగినా తగ్గినా చలించని ఈ నిబ్బరం హిమాలయాలకు పోయినవాళ్ళకైనా దక్కిందా?

ఇక సంసారం సంగతి. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటాక భార్యాభర్తలకు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది చెప్పండి? వీళ్ళకు రోజూ కబురుంది. సాయంత్రం రేవులో ఓడ కూత వెయ్యగానే గ్లెనిస్ పైగది కిటికీ తెర పక్కకు లాగి, "మన ఓడ పోతోంది రోలండ్" అంటుంది.

"పోనీ. సగం గదులు ఖాళీగా పోతుంటాయి. చూస్తుండు, కాళ్ళబేరానికి వస్తారు" అంటాడు రోలండ్.

ఎంత ముచ్చటైన దాంపత్యం!

మా పేటకు కలిగిన మేలు కూడా చెప్పుకోవాలి. మా బౌల్స్ క్లబ్బులో ముసలాళ్ళమంతా పచ్చిక మీద బంతులు దొర్లించి, ఆ తర్వాత టీ తాగుతూ వాన గురించీ, బీపీ గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు రోలండ్ బిస్కెట్టును టీలో ముంచి ప్రసంగం మొదలుపెట్టాడు.

"మనమంతా ఒక్క కట్టుగా ఉండాలి. నార్వే ఓడకు ఒక్కరు కూడా టికెట్టు కొనకూడదు. కంపెనీవాడే దిగొస్తాడు!"

చప్పట్లు మోగాయి. రేవులో క్రేను నడిపి రిటైరైన లెన్ హస్కెట్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు. "మా సమ్మె రోజులు గుర్తొచ్చాయయ్యా" అన్నాడు.

ఆ మర్నాడు లెన్ చడీచప్పుడు లేకుండా ట్రావెల్స్ కొట్టుకు వెళ్ళాడు. అక్కడ డబ్బు కట్టకపోయినా ఒక గదిని మూడు రోజుల పాటు మన పేరు మీద ఆపి ఉంచుతారు. ఎందుకైనా మంచిదని లెన్ ఒకటి ఆపించాడు. క్లబ్బు కోశాధికారీ ఆపించాడు. నేనూ ఆపించాను, అయితే నాది కేవలం పరిశోధన. నాయకుడు కాబట్టి రోలండ్ రెండు ఆపించాడు. కిటికీ ఉన్నదొకటి, లేనిదొకటి.

కంపెనీ కంప్యూటర్‌కు మా సమ్మె సంగతి ఏం తెలుసు? గదులు గబగబా అయిపోతున్నాయని ధర పెంచింది. మేము హడలిపోయి, గడువు తీరగానే మళ్ళీ ఆపించాం. అది మళ్ళీ పెంచింది!

రోలండ్ మండిపడుతూ కొట్టుకు వెళ్ళాడు. "ఎవరమ్మా ఈ ఓడ మీద ఇలా ఎగబడుతున్నది?" అని కౌంటర్ దగ్గరున్న అమ్మాయిని నిలదీశాడు.

"అదే విచిత్రం సార్! అందరూ మీ పేటవాళ్ళే. కొనేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు."

"బుద్ధిలేని మనుషులు! వీళ్ళ వల్లే ధరలు ఇలా ఏడుస్తున్నాయి."

"అవును సార్. మీ రెండు గదులూ ఇంకో మూడు రోజులు ఆపమంటారా?"

"ఆపు" అన్నాడు రోలండ్.

ఇలా వసంతమంతా ధర ఎక్కుతూనే పోయింది. ఓడ బయలుదేరడానికి రెండు వారాల ముందు కంపెనీవాళ్ళు, ఇక ఆపడాలు కుదరవు, కొంటే కొనండి లేకపోతే లేదు అన్నారు. మా గదులన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. మర్నాడు పొద్దున ధర దబ్బున కిందపడింది.

రోలండ్ మేడమెట్లు దిగుతూ పెట్టిన కేక మా ఇంట్లోకి వినిపించింది. "గ్లెనిస్! పడిపోయింది! సగానికి సగం! నేను చెప్పలేదూ?"

గ్లెనిస్ వంటింట్లో టోస్టుకు వెన్న రాస్తోంది. "మంచిది. నేను పోయిన నెలలోనే కొనేశాను" అంది.

"ఏం కొన్నావు?"

"టికెట్టు. కిటికీ ఉన్న గది."

పోయిన నెల! ధర ఆకాశాన్నంటిన నెల! రోలండ్ తడుముకుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎంతుందో చూడకుండానే కొన్నావా?"

"చూశాను. ఒక సాయంత్రం ఓడ పోతుంటే నాకు ఏడుపొచ్చింది రోలండ్. మర్నాడు కోటు వేసుకుని వెళ్ళి కొనేశాను."

"నన్ను ఒక్క మాటైనా అడగకుండా?"

"మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను కదా."

అయినా రోలండ్‌ను అలవాటు ఊరుకోనిస్తుందా? "ఇవాళ కొని ఉంటే ఆ తేడాతో..." అని మొదలుపెట్టాడు.

"ఆ తేడా ఊరికే పోలేదులే. ఇంకో మూడేళ్ళు కిటికీ దగ్గర నిలబడకుండా ఉండటానికి ఇచ్చాను." టోస్టు అతని ముందుకు జరిపింది. "ఒక్కదాన్నే వెళ్ళినా ఇద్దరి ధరా పుచ్చుకున్నారు. రెండో మంచం ఖాళీగా ఉంది. శుక్రవారంలోగా పేరు చెప్పమన్నారు. నీ పేరు చెప్పనా, లాండ్రీలో నాతో పనిచేసిన డోరీన్ పేరు చెప్పనా?"

"శుక్రవారమంటే ఇంకా టైముంది కదా. కొద్దిగా ఆగి..."

గ్లెనిస్ వెన్న కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, తలుపు వెనక తగిలించిన కోటు తీసుకుంది.

ఆ కోటును చూడగానే రోలండ్ కుర్చీలోంచి లేచాడు. "వస్తాను" అన్నాడు. "వస్తాను గ్లెనిస్. ఇప్పుడే రాయించు."

చూశారా పతనం! మూడేళ్ళ తపస్సు ఒక్క పూటలో మట్టిపాలైంది!

అందుకే అంటున్నాను, ధర ఇలా ఊగుతూ ఉండటమే మనకు రక్ష. ఏ రోజు చూసినా ఒకే ధర ఉందనుకోండి, అప్పుడు మగవాడు దాక్కోవడానికి చోటెక్కడ? భార్య "వెళ్దామా?" అంటే, "వెళ్దాం" అనో "నీతో రావాలని లేదు" అనో మొహం మీదే చెప్పాలి. అంత మాట మనచేత అనిపించకుండా ఏళ్ళకు ఏళ్ళు కాపాడుతున్న కంపెనీని తిట్టడానికి మీకు నోరెలా వచ్చింది?

ఓడ బయలుదేరిన రోజు క్లబ్బంతా రేవుకు వెళ్ళాం. పై డెక్కు మీద గ్లెనిస్ ఒక చెయ్యి ఊపుతోంది. రెండో చెయ్యి రోలండ్ పట్టుకుని ఉన్నాడు. "అదృష్టవంతుడయ్యా, ఒక్క పెన్నీ కట్టకుండా పోతున్నాడు" అని లెన్ నిట్టూర్చాడు. మా ఆవిడ మాత్రం ఓడ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడిపోయింది.

ఇవాళ పొద్దున లేవగానే వచ్చే వేసవి ఓడల ధర చూశాను. నిన్నటికంటే కాస్త తగ్గింది. అంటే ఇంకా తగ్గుతుంది! ఈ శుభవార్త చెబుదామని మా ఆవిడను పిలిచాను. పలకలేదు. వంటింట్లో చూశాను, పెరట్లో చూశాను.

తలుపు వెనక ఆవిడ కోటు లేదు.