రెప్ప వేయని చిరుత

ఆళ్లగడ్డ సైన్సు మాస్టరు సాల్మన్ రాజు ఆ శనివారం తెల్లారకముందే రెండు కెమెరాలు మెడలో వేసుకుని కూర్చున్నాడు. ఒకటి సూపర్‌జూమ్, ఒకటి డీఎస్సెల్లార్; రెండూ నంద్యాల కెమెరా కొట్టువాడు ఒక్కరోజు వాడి చూడమని ఇచ్చినవే. జిల్లా ఫోటో పోటీకి అదే ఆఖరి రోజు. నాలుగేళ్లుగా కాకులనూ కొంగలనూ పంపి ఓడిపోతున్నాడు. ఈసారి చిరుత పడాల్సిందే.

"ఏది చిరుతను పడితే అది ఇంట్లో ఉంటాది. పడకుంటే రెండూ నంద్యాలకే. నీ ఫోటోల పిచ్చీ ఈ పొద్దుతో సరి," అని భార్య లూదియా తేల్చేసింది.

"సూపర్‌జూమ్ అయితే ఫర్లాంగు నుంచే మీసాలు లెక్కబెట్టొచ్చు మే. డీఎస్సెల్లార్‌కు వాడిచ్చిన ఆ పొట్టి లెన్సు పెళ్లిళ్లకే."

"అయితే అది నాకియ్యి. నిన్నే తీస్తాలేప్పా."

రుద్రవరం దాటి నల్లమల అంచుకు చేరేసరికి పొగమంచు చెట్ల మొదళ్లను వదల్లేదు. అప్పటిదాకా అరుస్తున్న కొండముచ్చులు గొంతు నొక్కినట్టు ఊరుకున్నాయి. దారి చూపడానికొచ్చిన చెంచు వెంకటయ్య, లూదియా పక్కన నిలబడి గాలి వాసన చూశాడు.

సాల్మన్ రాజు సూపర్‌జూమ్ ఎత్తి కంటికి ఆనించాడు. లూదియా డీఎస్సెల్లార్‌తో అతని కంటపడకుండా ముందుకు పోయి, ఒక పక్కనుంచి అతన్నే తీస్తోంది. ఎదుటి గుట్టమీద, బండపైన చిరుత! సూటిగా అతన్నే చూస్తోంది. నాలుగడుగులు పక్కకు జరిగాడు. చూపూ అతనితోపాటే జరిగినట్టయింది. పది నిమిషాలైనా రెప్ప వేయలేదు. వెనకాల ఎండుటాకు ఒకటి నలిగింది. లూదియా అనుకున్నాడు.

"సారూ, ఈడ ఏందో వాసనొస్తాంది."

"మాట్లాడొద్దప్పా, పోతాది!"

కెమెరా తెరమీది బొమ్మను ఫోన్‌తో తీసి చర్చి గ్రూపులో పెట్టాడు. అరగంటలో పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు, గొర్రెలు దొడ్లలోకి పోయాయి, రెండు ట్రాక్టర్ల జనం తప్పెట్లు కొట్టుకుంటూ దిగి గుట్టెక్కారు. కాసేపటికి గుట్టమీది చేనుగల కాశమ్మ చిరుతను చంకన పెట్టుకుని దిగొచ్చింది.

"ఎవురప్పా ఈ గోల? కోతులు నా మొక్కజొన్న పీకకుండా సంతలో కొనుక్కున్న బొమ్మ ఇది!"

జనం పడీ పడీ నవ్వారు. సాల్మన్ రాజు తలొంచుకుని కెమెరా సర్దడానికి సంచి తెరిచాడు. అప్పుడే లూదియా చేతిలోని కెమెరాలోకి తొంగిచూసిన వెంకటయ్య ముఖం పాలిపోయింది.

"అమ్మా, సారు ఎనకుండేది పొద గాదు."

మొదటి ఫోటోలో సాల్మన్ రాజు వెనక, మంచులో, పన్నెండు బారల దూరాన మచ్చలు. రెండోదాంట్లో ఆరు బారలు. మూడోదాంట్లో మూడే. దాని చూపు అతని మీద లేదు. అతని భుజం మీదుగా కాశమ్మ బొమ్మనే చూస్తోంది. నాలుగోది తప్పెట్లు మొదలయ్యాక తీసింది. అందులో అతని వెనక ఏమీ లేదు.

సూపర్‌జూమ్ ఆ సాయంత్రమే నంద్యాలకు తిరిగిపోయింది. పోటీలో బహుమతి లూదియాకు వచ్చింది. ఫోటోలో ఏమున్నాయో రాయమంటే, "చిరుత, మా ఆయన" అని ఆ వరుసలోనే రాసింది.