పుపూసాకి పర్మనెంట్ హోదా

తాత్కాలిక రక్షణ కార్డు మీద బతుకుతున్న ప్రతి ఒక్కరికీ శాశ్వత నివాసం ఇప్పించేదాకా కంటి మీద కునుకు వేయనని అమెరికా ప్రతినిధుల సభ సభ్యులు శ్రీ గార్లండ్ ప్రూయిట్ గారు పదకొండోసారి ప్రకటించారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. అంతకుముందు పదిసార్లూ ఇదే మాట అన్నారు.

ప్రకటన జరిగింది మేరీల్యాండ్‌లో, నోయెమి నడిపే పుపూసాల హోటల్లో. పుపూసా అంటే లోపల చీజో చిక్కుడు గింజలో కూరి కాల్చే సాల్వడార్ వాళ్ళ మొక్కజొన్న రొట్టె. ఎల్ సాల్వడార్‌లో భూకంపాలు వచ్చిన ఏడాది నోయెమికి ఆ కార్డు ఇచ్చారు. గడువు పద్దెనిమిది నెలలు. అది తీరగానే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ వేలిముద్రలు, మళ్ళీ పద్దెనిమిది నెలలు. ఇరవై రెండేళ్ళుగా ఇదే తంతు. కాలే పెనం మీద పుపూసాలు తిప్పీ తిప్పీ ఆవిడ వేలిముద్రలు అరిగిపోయాయి. పోయినసారి ఆఫీసరు విసుక్కుని, "వేరే వేళ్ళు లేవా అమ్మా?" అని అడిగాడు.

చేత్తో తుంచుకుని తినే పుపూసాను ప్రూయిట్ గారు ఫోర్కుతో, చాకుతో కోసుకుని తిన్నారు. హోటల్లో ఉన్న సాల్వడార్ వాళ్ళందరూ మర్యాదగా గోడవైపు తిరిగారు.

"సార్, ఈసారన్నా పని అయ్యేట్టు చూడండి," అంది నోయెమి. "డిసెంబరులోగా పర్మనెంట్ కార్డు చూపించకపోతే లీజు పొడిగించనంటున్నాడు మా ఓనరు."

"నేనున్నానమ్మా! నువ్వు మాత్రం ఓటు నాకే వెయ్యాలి."

"నాకు ఓటు లేదు కదండీ. మన గొడవే అది."

ప్రూయిట్ గారు చలించిపోయారు. "బ్రెండా, రాసుకో. సమస్య చాలా లోతుగా ఉంది," అన్నారు తన ఆఫీసు మేనేజరుతో. బ్రెండా ఇరవై రెండేళ్ళుగా రాసుకుంటూనే ఉంది.

ఆయన కారెక్కాక, పిండి కలుపుతున్న చబేలా నవ్వింది. "అక్కా, మన కోసం ఆయన సభలో పెట్టే బిల్లుకి కూడా రెండేళ్ళకోసారి గడువు తీరిపోతుందట. పాపం, అదీ మనలాంటిదే."

అక్టోబరులో బ్రెండా ఫోన్ చేసింది.

"శుభవార్తండీ! ఏకగ్రీవంగా పాసయింది. ఒక్కరు కూడా వద్దనలేదు."

"పర్మనెంటేనా?"

"ఎప్పటికీ!"

నోయెమి పిండిచేత్తోనే శిలువ గుర్తు వేసుకుంది. చబేలా అక్కడే కూలబడి ఏడ్చేసింది. కాసేపటికి నోయెమికి ఒక అనుమానం వచ్చింది.

"మా అందరికీ వర్తిస్తుందా అండీ?"

"అన్నిటికీ! చీజుదీ, చిక్కుడు గింజలదీ, రెండూ కలిపిందీ. మా సార్ పట్టుబట్టి టౌన్ కౌన్సిల్ చేత తీర్మానం చేయించారు. ఈ ఊరికి పుపూసా శాశ్వత వంటకం, మీ వంటగది శాశ్వత వారసత్వ స్థలం. ఇక అక్కడ ఇంకేదీ అమ్మడానికి వీల్లేదు."

"మరి మేమూ?"

"ముందు వంటకంతో మొదలుపెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదని సార్ ఉద్దేశం."

మర్నాడే ఓనరు కోవాల్స్కీ తీర్మానం కాగితం పట్టుకుని వచ్చాడు. మంచివాడే, కానీ బెంబేలెత్తిపోయాడు.

"చూడమ్మా, ఇక్కడ కలకాలం పుపూసాలే అమ్మాలట. కలకాలం ఉండే మనిషి కావాలి నాకు. నీ కార్డు జూన్ దాకేగా?"

"ఇరవై రెండేళ్ళుగా ఏదో ఒక నెల దాకేనండీ."

"అదే నా భయం."

లీజు ఏడు ఊళ్ళలో హోటళ్ళున్న ఒక కంపెనీకి వెళ్ళింది. కంపెనీ పంపిన మేనేజరు నిజాయితీపరుడు. ముద్ద లోపలికి చీజు ఎలా వెళుతుందో తనకు తెలియదని ఒప్పుకుని, నోయెమిని, చబేలాను గంటల లెక్కన పనిలో పెట్టుకున్నాడు. తన పెనం దగ్గర నిలబడటానికి తానే దరఖాస్తు రాసుకున్న రోజు నోయెమికి ఏడుపు ఆగలేదు.

"ఏడవకక్కా," అంది చబేలా. "పెనానికైనా స్థిరమైన బతుకు దొరికింది."

జనవరిలో ప్రూయిట్ గారు ప్రారంభోత్సవానికి విచ్చేసి, నోయెమి త్యాగాన్ని కొనియాడి, పెనం పైన గోడకి ఆమె నిలువెత్తు ఫొటో బిగించారు. దాని ముందు నిలబడి, శాశ్వత నివాసం వచ్చేదాకా కంటి మీద కునుకు వేయనని పన్నెండోసారి ప్రకటించారు. చప్పట్లు సద్దుమణిగాక బ్రెండా ఒక కాగితంతో వంటగదిలోకి వచ్చింది.

"మీ ఫొటో ఈ గోడ మీద శాశ్వతంగా ఉంటుందమ్మా. ఇది అనుమతి పత్రం, సంతకం పెట్టండి."

నోయెమి చేతులు తుడుచుకుని చదివింది. "జూన్ వరకే అని ఉందేమిటండీ?"

"మీ కార్డు అంతవరకేగా. ఆ తర్వాత దాంతోపాటే ఇదీ రెన్యూ చేసుకుంటే సరి."

"కార్డు రెన్యూ కాకపోతే?"

"అబ్బే, ఫొటోకేం భయం లేదండీ," అంది బ్రెండా, ఆవిడ భుజం తట్టి. "కింద పేరు మాత్రం తీసేస్తాం."